మొలొకాయి దీవి పరిచారిక: మేరియాన్ మాత చరిత్రము

చికిత్సకు నాలుగు పాదములు కలవని చరకసంహితయందు చెప్పబడినది. వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి అనునవి యా నాలుగు పాదములు. వీనిలో వైద్యుడే ప్రధానుడని యా గ్రంథమే చెప్పుచున్నను, గుణముల లెక్కకు వచ్చునప్పటికి పరిచారకునకు తక్కువ చేయలేదు. వైద్యునకు నాలుగు గుణములు చెప్పినట్లే పరిచారకునకును నాలుగు గుణములు చెప్పబడినవి. ఉపచారవిధానము తెలిసియుండుట, పనియందు దక్షత, రోగియెడల అనురాగము, శుచిత్వము అనునవి యవి. మన పెద్దలు ఇంత గౌరవముతో చెప్పిన యీ వృత్తిని మనము మాత్రము చిరకాలము చిన్నచూపు చూచితిమి. పరుల మలమూత్రములను ఎత్తుట, పరపురుషుని దేహమును తాకుట, రాత్రివేళ ఇల్లు విడిచి యుండుట అను మూడు కారణములను చూపి, ఆడపిల్లను నర్సు పనికి పంపుటకు వెనుదీయు తల్లిదండ్రులు మన సుల్తానాబాదు ప్రాంతమున నేటికిని కలరు. మన సంఘపు విద్యార్థి వేతనములు నర్సు విద్యకు ఈయవచ్చునా కూడదా అని పెద్దలలో తర్జనభర్జనలు జరుగుచుండుట సభ్యులెరిగినదే.

ఈ సందేహము తక్కిన కులముల వారికి కలిగిన కలుగనిండు, గీతవృత్తి వారమైన మనకు కలుగుట వింతగా నున్నది. మోకు జారియో, ఎండిన మట్ట విరిగియో తాటిచెట్టు మీదినుండి పడి, నడుము విరిగి, కాళ్లు చచ్చుబడి మంచమున బడిన మనుజులు లేని గౌడుల వాడ ఏ గ్రామమునందున్నది? అట్టివానికి వైద్యుడు చేయగలిగినది కొన్నినాళ్లలో ముగియును. ఆ మీదట ఏండ్ల తరబడి వానిని ఈ ప్రక్కనుండి ఆ ప్రక్కకు పొరలించి, వీపున పుండ్లు పడకుండ తుడిచి, అన్నము పెట్టి కాపాడునది ఆ యింటి యిల్లాలే. ఆమెకు ఉపచారవిధానమును ఎవ్వరును నేర్పలేదు. పక్క కుదురుగా లేక పుట్టిన పుండు ముదిరి ప్రాణము తీసిన గృహములు ఎన్నియో కలవు. కావున పరిచర్య యనగా నేమో, అది యెంత విద్యయో, ఎంత ధైర్యమో తెలియుటకు తగిన యొక జీవితమును ఈ సంచికయందు చెప్పదలచితిని. ఆమె మన దేశమున పుట్టినది కాదు, మన మతమునకు చెందినది కాదు. పసిఫికు మహాసముద్రము నడుమ మొలొకాయి యను దీవిలో, పెద్దరోగముతో వెలివేయబడిన వారి నడుమ ముప్పది సంవత్సరములు నివసించి, అచ్చటనే దేహము చాలించిన మేరియాన్ కోప్ మాత యామె.

ఈమె 1838వ సంవత్సరము జనవరి 23వ తేదీన జర్మనీ దేశమునందు హెపెన్‌హైము అను పట్టణమున పుట్టెను. తల్లిదండ్రులు పెట్టిన పేరు బార్బరా. పుట్టిన మరుసటి యేటనే ఆ కుటుంబము బ్రతుకుతెరువు వెదకికొనుచు అమెరికాకు వలసపోయి న్యూయార్కు రాష్ట్రమునందలి యుటికా పట్టణమున కాపురము పెట్టెను. తండ్రి రోగి యగుటచే పెద్దపిల్లలలో నొకతెయైన బార్బరాపై సంసారభారము పడినది. ఎనిమిదవ తరగతి ముగియగానే బట్టల కర్మాగారమున కూలికి కుదిరెను. సన్యాసము స్వీకరింపవలెనను కోరిక చిన్ననాటినుండియు ఉన్నదట. కాని తమ్ములు చెల్లెండ్రు ఒక దరికి చేరువరకు, మంచమున నున్న తండ్రి కన్నుమూయువరకు, ఆ కోరికను మనసులోనే యుంచుకొనెను. 1862లో తండ్రి గతించెను. ఇంటి ఋణము తీర్చుకొని, ఇరువదినాలుగేండ్ల వయస్సున సిరక్యూసు పట్టణమునందలి ఫ్రాన్సిస్కను సన్యాసినుల మఠమున ప్రవేశించెను. అప్పుడు పెట్టిన పేరు మేరియాన్. గృహస్థధర్మము ముగించి గాని సన్యాసము కూడదను మన స్మృతికారుల మాటను ఆమె వినియుండదు, నడచుకొన్నది మాత్రము ఆ ప్రకారమే.

మఠమున మొదట ఆమెకు దొరకిన పని బడిపంతులుతనము. జర్మను వలసవారి పిల్లలకు చదువు చెప్పి, ప్రధానోపాధ్యాయురాలు కూడ నయ్యెను. జీవితమంతయు ఆ వృత్తిలోనే గడపిన నావంటివాడు ఆమె దానిని విడిచిపెట్టినందుకు కొంత చింతింపవలసినదే. కాని ఆ మఠమువారు 1866లో యుటికాయందును, 1869లో సిరక్యూసునందును ఆసుపత్రులు స్థాపించిరి. 1870 మొదలు 1877 వరకు సిరక్యూసు ఆసుపత్రి పెత్తనము మేరియాన్ చేతిలో నుండెను. ఆ కాలమున ఆసుపత్రి యనగా చావబోవు పేదలు పడియుండు చోటని జనుల తలంపు. శస్త్రచికిత్స చేసిన వైద్యుడు చేతులు కడుగకయే మరొక రోగిని ముట్టుట సామాన్యముగా నుండెను. క్రిములవలన రోగములు సంక్రమించునను సిద్ధాంతము అప్పుడప్పుడే తల యెత్తుచుండెను. అట్టి దినములలో ఈమె తన ఆసుపత్రియందు శుచిత్వమును నిర్బంధముగా నడపెను. ఒక రోగిని విడిచి మరొక రోగికడకు పోవునప్పుడు చేతులు కడుగుకొనుట అచ్చట నియమము.

జాతి, మతము, వర్ణము అను భేదములు లేక ఎల్లవారిని ఆ ఆసుపత్రియందు చేర్చుకొనిరి. త్రాగుడుచే చెడినవారిని చేర్చుకొన్నందుకు పట్టణపు పెద్దలు ఆమెను ఆక్షేపించిరి. త్రాగుడు రోగము కాదు, దోషమనియు, దోషికి ఆసుపత్రి యేలయనియు వారి వాదము. ఆమె వారిని త్రోసివేయలేదు. కల్లు గీయుట వృత్తిగా గల మనము ఈ సంగతిని కన్నులు మూసికొని దాటరాదు. మన చేతిమీదుగా పోయిన పదార్థము మితము తప్పినచోట ఏమగునో మనకంటె ఎక్కువగా ఎరిగినవా రెవ్వరు? మరియొక విశేషము. వైద్యవిద్యార్థులు తన ఆసుపత్రియందు రోగులను చూచి నేర్చుకొనుటకు ఆమె అనుమతించెను గాని, విద్యార్థులచే పరీక్షింపబడుటకు ఇష్టములేని రోగి కాదనవచ్చునని నియమము పెట్టెను. పేదవాని దేహము పాఠపుస్తకము కాదని ఆ కాలమున తలచినవారు మిక్కిలి తక్కువ.

1877లో ఆమె మఠమున కంతటికిని పెద్దగా ఎన్నుకొనబడి, 1881లో మరల ఎన్నికయ్యెను. ఈ పదవియందుండగా 1883లో హవాయి రాజ్యమునుండి యొక జాబు వచ్చెను.

ఆ రాజ్యపు దుఃఖమును కొంత విపులముగా చెప్పవలెను. హవాయి దీవులు అమెరికా పశ్చిమతీరమునకు రెండువేల మైళ్లకు పైగా దూరమున మహాసముద్రమున చుక్కలవలె నున్నవి. పరదేశపు ఓడలు వచ్చినప్పటినుండి అంతకుముందెన్నడు నెరుగని రోగములు ఆ దీవులలో ప్రవేశించి, అచ్చటి జనమును తుడిచిపెట్టసాగెను. వానిలో కుష్ఠరోగ మొకటి. ఆ రోగమునకు హవాయి ప్రజలు పెట్టిన పేళ్లలో ఒకదానికి, వేరుచేయు రోగమని యర్థము. రోగముకంటె వేరుచేయుటయే వారికి భయంకరమైనది. 1865లో ఆ దేశపు ప్రభుత్వము కుష్ఠరోగులను పట్టి యొకచోట నిర్బంధించుటకు శాసనము చేసెను. అందుకై యేరుకొన్న స్థలము మొలొకాయి దీవి ఉత్తరపు అంచునందలి యొక చదునైన నేల. మూడు ప్రక్కల అలలు విరుగు సముద్రము, నాలుగవ ప్రక్క రెండువేల అడుగుల వరకు ఎత్తుగల కొండగోడ. దిగుటకు ఎక్కుటకు సన్నని మలుపుల బాట యొక్కటియే. కోట కట్టనక్కర లేకయే దైవము కట్టియిచ్చిన కారాగారము వంటిది.

1866 జనవరిలో మొదటి జట్టును పడవమీద తెచ్చి అచ్చట దింపిరి. భర్తను భార్యనుండి, బిడ్డను తల్లినుండి విడదీసి తెచ్చినవారే యందరు. విడువజాలక రోగిని వెంబడించి వచ్చిన బంధువులును కొందరుండిరి. రోగము లేకపోయినను తమ వారికి వండిపెట్టి, పుండ్లు కడిగి, కడకు పూడ్చిపెట్టుటకై స్వేచ్ఛగా ఆ చెరలో ప్రవేశించినవారు వారు. హవాయి భాషలో వారిని కోకువా అందురు. సహాయులని యర్థము. ఆ దీవిలో మొట్టమొదటి పరిచారకులు వారే. వారి పేళ్లను చరిత్ర యంతగా వ్రాసి యుంచలేదు. శాసనము అమలునందున్న నూరేండ్లలో దాదాపు ఎనిమిది వేలమంది అచ్చటికి పంపబడిరి. వారిలో అత్యధికులు ఆ దీవుల ఆదివాసులు.

1873 మే నెలలో డేమియన్ అను బెల్జియము దేశపు మతగురువు అచ్చట నివసింపబోయెను. ఆయన ఇండ్లు కట్టెను, నీటిగొట్టములు వేసెను, శవపేటికలు చేసెను, పుండ్లకు కట్లు కట్టెను. ఆయన కీర్తి లోకమున వ్యాపించినది. అదే సంవత్సరమున నార్వే దేశమున హాన్సెన్ అను వైద్యుడు ఈ రోగమునకు కారణమైన సూక్ష్మక్రిమిని కనుగొనెను. కాని కారణము తెలిసిన మాత్రమున మందు దొరకలేదు. అటుపై దాదాపు డెబ్బది సంవత్సరములవరకు కుష్ఠమును నిశ్చయముగా నయముచేయు మందు లోకమున లేకుండెను. చరకుడు చెప్పిన నాలుగు పాదములలో ఔషధమను పాదము లేదు. వైద్యులు దూరముగా నుండిరి. ఇక మిగిలినది రోగి, పరిచారకుడు.

హవాయి రాజు కలాకౌవా, ఆయన రాణి కపియొలాని, రోగులను చూచుటకు సన్యాసినులను పంపుమని అమెరికాయందలి మఠములకు దూతద్వారా విన్నవించిరి. ఏబదికి మించిన మఠములు నిరాకరించెను. మేరియాన్ మాత ఒప్పుకొనెను. మఠమున ముప్పదైదుగురు సన్యాసినులు తాము పోయెదమని ముందునకు వచ్చిరి. ఆరుగురిని ఏరి, వారిని కుదురుపరచి తిరిగి వచ్చెదనని తానును వెంట బయలుదేరెను. 1883 నవంబరు 8వ తేదీన వారి ఓడ హొనొలూలు రేవు చేరినప్పుడు పట్టణమున దేవాలయముల గంటలు మ్రోగెను. అప్పటికి ఆమె వయస్సు నలువదియైదు. మరల ఆమె సిరక్యూసు పట్టణమును చూడలేదు.

వారిని మొదట నియోగించినది మొలొకాయికి కాదు. హొనొలూలునందే సముద్రపుటొడ్డున కకాకో యను ఉప్పునేలమీద నొక ఆసుపత్రి యుండెను. రోగులను పరీక్షించి మొలొకాయికి పంపుటకుముందు అచ్చట నుంచెడివారు. నూరుమందికై కట్టిన చోట రెండువందలకు పైగా కిక్కిరిసి యుండిరి. దుర్గంధము, ఈగలు, కట్టు మార్చని పుండ్లు. సన్యాసినులు మొట్టమొదట చేసిన చికిత్స చీపురు, నీళ్లు, సబ్బు. గదులు కడిగిరి, పక్కలు మార్చిరి, పుండ్లను దినదినము కడిగి కట్లు కట్టిరి. సిరక్యూసునందలి చేతులు కడుగు నియమమును ఇచ్చటను నిర్బంధముగా పెట్టిరి. తన సన్యాసినులలో ఒక్కరికిని ఈ రోగము సోకదని మాత వారికి మాట యిచ్చినదని చెప్పుదురు. ఆ మాట యెట్లు నిలిచెనో ముందు చెప్పెదను.

అచ్చట ప్రభుత్వము నియమించిన యొక పెత్తందారు ఉండెను. రోగులను హింసించుట, వారి భోజనాదుల విషయమున క్రూరముగా వర్తించుట వాని వాడుక. ఓర్పు సన్యాసమునకు భూషణమే. కాని ఓర్పు తన బాధ విషయమున గాని పరుల బాధ విషయమున కూడదు. ఆమె ప్రభుత్వమునకు ఒక్కటే మాట తెలియజేసెను. వానిని తొలగింపవలెను, లేనిచో తామందరును ఓడయెక్కి తిరిగిపోవుదురు. ప్రభుత్వము వానిని తొలగించి, ఆసుపత్రి సర్వాధికారమును ఆమెకు అప్పగించెను. పరిచారిక యనగా తల వంచి చెప్పిన పని చేయునదని తలచువారు ఈ ఘట్టమును మనసున పెట్టుకొనవలెను. 1884లో మౌయి దీవియందు సామాన్య రోగములకై యొక ఆసుపత్రిని స్థాపించినదియు ఈమెయే. ఆ దీవిలో అట్టిది అదే మొదటిది.

కుష్ఠరోగులకు పుట్టిన ఆరోగ్యవంతులైన ఆడపిల్లల గతి మరియొక చింత. తల్లిదండ్రులు రోగులని యెవ్వరును వారిని చేరనీయరు. రోగుల నడుమ నుంచిన రోగము సోకునేమో యను భయము. 1885 నవంబరులో రాణి పేర కపియొలాని గృహమును తెరచి, ఆ పిల్లలను మాత తన సన్యాసినుల రక్షణమున నుంచెను. వేరెవ్వరును ఆ బాలికలను చేర్చుకొనుటకు ఇష్టపడనందున, ఆ గృహమును కుష్ఠరోగుల ఆసుపత్రి ఆవరణమునందే కట్టవలసివచ్చెను. ఆ సంవత్సరమే రాజు ఆమెకు రాజ్యపు బిరుదుపతకము నిచ్చెను.

డేమియన్ గారికి 1884 చివరను రోగము బయటపడెను. వేడినీటిలో కాలు పెట్టినను బాధ తెలియకపోవుటచే ఆయనకు నిశ్చయమైనదందురు. 1886లో ఆయన హొనొలూలుకు రాగా ప్రభుత్వమువారును, తన మతపు పెద్దలును దగ్గరకు రానీయ జంకిరి. లోకమంతయు పొగడుచున్న మహాత్మునికి ఆతిథ్యమిచ్చినది మేరియాన్ మాత యొక్కతెయే.

1887లో ప్రభుత్వము మారెను. రోగులను హొనొలూలునందుంచుట తగదని కొత్త మంత్రులు నిశ్చయించి కకాకో ఆసుపత్రిని మూయదలచి, రోగులనందరిని మొలొకాయికి తరలింప నారంభించిరి. అచ్చట దిక్కులేని స్త్రీలకు, బాలికలకు ఒక గృహము కావలెను. పోయెదవా యని అడుగగా మాత సంతోషముతో అంగీకరించెను. 1888 నవంబరు 14వ తేదీన లియోపోల్డీనా, విన్సెంషియా అను ఇద్దరు సన్యాసినులతో ఆమె కలౌపాపా ఒడ్డున దిగెను. ఏబదియేండ్ల వయస్సు. పోయినవారు మరల తిరిగిరాని చోటని యెరిగియే దిగెను. ఆ స్త్రీల గృహమును కట్టుటకు ధనమిచ్చినది చార్లెస్ బిషప్ అను హొనొలూలు వర్తకుడు. ఆయన భార్య హవాయి రాజవంశపు స్త్రీ. దాత పేర దానిని బిషప్ గృహమని పిలిచిరి.

ఐదు నెలలకు, 1889 ఏప్రిలు 15వ తేదీన, డేమియన్ నలువదితొమ్మిదవ యేట గతించెను. ఆ చదునునేలకు అవతలి ప్రక్కన కలవావోయందు ఆయన పెంచిన బాలుర గృహభారము కూడ మాత మీద పడెను. 1895లో మగ సన్యాసులు వచ్చి దానిని స్వీకరించువరకు ఆరేండ్లు ఆమె రెండు గృహములను నడపెను. ఆ బాలుర సేవయందు జోసెఫ్ డట్టన్ అను అమెరికా దేశపు మాజీ సైనికుడు ఆమెకు తోడుగా నుండెను.

ఇక మందులేని రోగికి పరిచారిక చేయగలిగిన దేమి? ఈ ప్రశ్నకు కలౌపాపాయందు ఆమె జీవితమే సమాధానము. ప్రతిదినము పుండ్లు కడుగుట, కట్లు మార్చుట, కన్నులు కానని వారికి అన్నము పెట్టుట, చనిపోవువారి ప్రక్కన కూర్చుండుట ఇవి యుండనే యున్నవి. వీనితో ఆమె తృప్తిపడలేదు. గాలికి దుమ్మెగయు ఆ బీడునేలమీద చెట్లు నాటించెను, పూలమొక్కలు, కూరగాయలు పెట్టించెను. బాలికలకు కుట్టుపని నేర్పెను. హొనొలూలునుండి మంచి గుడ్డలు, రిబ్బనులు తెప్పించి, ఆ కాలమున పట్టణపు యువతులు ధరించు రీతిగల దుస్తులను వారికి స్వయముగా కుట్టియిచ్చెను. చావు నిశ్చయమైనవారికి సొగసేల యని యడుగువారు నాడు నుండిరి, నేడును ఉందురు. ముక్కు చదును పడి, వ్రేళ్లు కురుచనై, అద్దమునకు భయపడు పదునారేండ్ల పిల్లకు కొత్త చొక్కాయి యిచ్చు బలము ఏ తైలమునకును లేదని ఆమె యెరుగును. చరకుడు పరిచారకునకు చెప్పిన అనురాగమను గుణమునకు ఇంతకంటె చక్కని వ్యాఖ్యానము నాకు కానరాలేదు.

డేమియన్ గతించిన నెలరోజులకు స్టీవెన్‌సన్ అను ప్రసిద్ధుడైన ఆంగ్ల గ్రంథకర్త కలౌపాపాకు వచ్చెను. ఆయనయు శ్వాసకోశరోగి. వారము రోజులున్నాళ్లు ఆయన దినదినము బిషప్ గృహమునకు పోయి రోగులైన బాలికలతో బంతియాట ఆడెను. తిరిగిపోయిన పిదప వారికై యొక పియానో వాద్యమును పంపెను. మిగిలిన వ్రేళ్లతోనే కొందరు బాలికలు దానిని వాయించిరి. ఆ గృహమున సంగీతము ఆ మీదట ఆగలేదు.

ఈమె విషయమున ఒక ఆక్షేపము కలదు. దానిని దాచి పొగడ్తలు మాత్రమే వ్రాయుట నా కిష్టము లేదు. రోగులను చెరపెట్టిన శాసనము అన్యాయమైనది. కుష్ఠము అతి వేగముగా అంటుకొను రోగము కాదనియు, మనుష్యులలో అధికభాగమునకు దానిని ఎదుర్కొను శక్తి పుట్టుకతోనే కలదనియు నేడు మనకు తెలియును. ఆ దీవిలో పుట్టిన పసిబిడ్డలను తల్లుల యొడినుండి తీసి వేరుగా పెంచిరి. ఆ శాసనమునకు లోబడక, కవాయి దీవియందు కూలౌ అను రోగి భార్యాపుత్రులతో కొండలోయలో దాగి, 1893లో తన్ను పట్టవచ్చిన వారితో పోరాడెను. మాత అట్టి ధిక్కారము చేయలేదు. శాసనమును మార్చుమని పోరాడినట్లును కానరాదు. ఆమె చేసినదంతయు ఆ చెరసాల గోడల లోపలనే. దీనిని లోపమని యెవరైనను అన్నచో నేను కాదని వాదింపను. అయినను ఆ శాసనమును చేసినవారును, దానిని దూషించినవారును ఆ రేవున దిగి ఒక్క రాత్రియైనను నిలువలేదు. ఆమె ముప్పది సంవత్సరములు నిలిచెను. ఈ నడుమ హవాయి రాజరికము 1893లో కూలినది, 1898లో ఆ దేశము అమెరికాలో కలిసినది. ప్రభువులు మారిరి గాని బిషప్ గృహమున ఉదయపు కట్లు మార్చు వేళ మారలేదు.

చివరి యేండ్లలో ఆమె చక్రముల కుర్చీయందు కూర్చుండియే గృహమును నడపెను. 1918 ఆగస్టు 9వ తేదీన, ఎనుబదవ యేట, వార్ధక్యమువలన కలిగిన రుగ్మతలతో దేహము చాలించెను. ఆమెకు కుష్ఠము సోకలేదు. ఆమెతో హవాయికి వచ్చి రోగులను సేవించిన సన్యాసినులలో నొక్కరికిని సోకలేదు. భక్తులు దీనిని దైవానుగ్రహ మందురు. రోగము అంత సులభముగా అంటునది కాదు గనుక అట్లయ్యెనని శాస్త్రజ్ఞులు అనవచ్చును. నాకు మాత్రము వీనితోపాటు ఆ సబ్బునీటి తొట్టియు కనబడుచున్నది. శౌచమను గుణమును ఆమె గ్రంథమున చదువలేదు, ప్రతిగది గుమ్మమునందును పాటించెను. 2012 అక్టోబరు 21వ తేదీన రోమునగరమున ఆమెను పునీతురాలిగా ప్రకటించిరి. 1969లో హవాయి నిర్బంధ శాసనము రద్దయినప్పుడు, స్వేచ్ఛ లభించినను పోవుటకు ఇండ్లులేని రోగులు పలువురు కలౌపాపాయందే ఉండిపోయిరి.

ఆమె జీవించియుండగనే ఔషధమను పాదము మెల్లగా కదలనారంభించెను. మన సుశ్రుతసంహితయందు కుష్ఠమునకు చెప్పబడిన తువరకతైలము, ఉత్తర భారతమున చాల్‌మూగ్రా యని పిలువబడు గింజల జాతిది, పూర్వకాలమునుండి వాడుకలోనుండెను. అది చిక్కని తైలము. త్రాగిన వాంతియగును, సూదితో ఎక్కింపరాదు. హొనొలూలు కళాశాలయందు ఆలిస్ బాల్ అను నల్లజాతి యువతి, రసాయనశాస్త్రవేత్త, దానిని దేహములోనికి ఎక్కింపదగిన రూపమునకు మార్చు మార్గమును కనుగొనెను. ఆమె 1916 చివరిదినమున ఇరువదినాలుగేండ్ల వయస్సుననే గతించెను. నూటికి నూరుపాళ్లు నయము చేయజాలకపోయినను, 1940 తరువాత కొత్త మందులు వచ్చువరకు లోకమంతట కుష్ఠరోగులకు ఆధారమైనది ఆ తైలపు సూదిమందే.

ఆ సూదిమందు మన ప్రాంతమునకు వచ్చిన కథతో ఈ వ్యాసమును విరమించెదను. సముద్రము లేకపోయినను మన గ్రామములలో పెద్దరోగము వచ్చినవానికి ఊరి వెలుపల వేసిన గుడిసె దీవి వంటిదే. అన్నము దూరముగా పెట్టి తొలగిపోవుదురు, నీళ్లు పైనుండి పోయుదురు. అట్టి కాలమున, 1907లో, స్కాట్లండు దేశస్థురాలైన ఇసబెల్ కెర్ అను దొరసాని హైదరాబాదు రాజ్యమునకు వచ్చెను. 1903లో అబర్డీను విశ్వవిద్యాలయమున వైద్యపట్టము పొందినది. భర్త జార్జి కెర్ మతబోధకుడు. నిజామాబాదునందు వైద్యము చేయుచుండగా, ఎచ్చటను చోటులేక ఆమె గుమ్మమున వచ్చి పడిన కుష్ఠరోగులను చూచి, 1911లో వారికై యొక చిన్న గృహమును తెరచిరి. అది కొలదికాలముననే చాలక పోయెను. పెద్ద ఆసుపత్రికి నేల కావలెను, ధనము కావలెను.

ఆ ధనసహాయము చేసినవారు రాజా నర్సాగౌడు గారు. ఆయన పేరు మన సభలలో విననివారుండరు. హిందువైన ఆయన, పరమతస్థులు నడపు ఆసుపత్రికి, సంఘము వెలివేసిన రోగులకై ధనమిచ్చెను. 1915లో నిజామాబాదునకు సమీపమున డిచ్‌పల్లియందు విక్టోరియా కుష్ఠరోగుల ఆసుపత్రి వెలసెను. 1920 తరువాతి సంవత్సరములలో, కలకత్తాలో మ్యూర్ వైద్యుడు వ్యాపింపజేసిన పద్ధతి ననుసరించి, తువరకజాతి తైలపు సూదిమందు అచ్చట ఇచ్చుచుండిరి. దూరగ్రామముల నుండి రోగులు నడిచియు, బండ్లమీదను వచ్చిరి. కొట్టములు చాలక కొత్తవి కట్టుచునే యుండిరి. 1923లో కెర్ దంపతులకు కైజరిహింద్ పతకము లభించెను. ఇసబెల్ కెర్ 1932లో మరణించువరకు డిచ్‌పల్లి రోగులను విడువలేదు.